చెరసాలలో రామదాసు

గోలకొండ కోటను చూడబోయినవారిలో చాలమంది బాలాహిస్సారు శిఖరమునకు ఎప్పుడు చేరుదుమా అన్న తొందరలో ఉందురు. ఆ ఎక్కుడు దారిలో ఒక చీకటిగది ఉన్నది. దారి చూపువాడు చేయి ఎత్తి, "ఇది రామదాసు బందిఖానా" అని రెండు ముక్కలు చెప్పి ముందుకు సాగిపోవును. లోపలికి పోయినచో మొదట ఏమియు కనబడదు. పైనుండి దిగు కొంచెపు వెలుతురునకు కన్నులు అలవాటుపడిన పిమ్మట గోడమీద మూర్తులు కనబడును. సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడు. చేయి తిరిగిన శిల్పి చెక్కిన రూపములు కావు. బందీ తన చేతితో తాను చెక్కుకొన్నాడని పెద్దల మాట. ఆ మోటుదనము చూచినప్పుడు ఆ మాట నమ్మబుద్ధి అగును. భద్రాచలములో బంగారు నగలు పెట్టి అలంకరించిన మూర్తినే ఆ మనిషి ఇక్కడ చీకటిలో రాతిమీద గీచుకొనవలసి వచ్చినది.

నేను ఆ గదికి రెండు పర్యాయములు పోయినాను. రెండవ పర్యాయము బయటికి వచ్చునప్పుడు నాకు కలిగిన ఆలోచననే ఈ పూట శ్రోతలకు మనవి చేయదలచినాను. ఇది చరిత్రను గూర్చిన ప్రసంగము కాదు, సంగీతమును గూర్చినదియు కాదు. ఎదురుచూచుటను గూర్చినది.

ఎదురుచూపు లేని ఇల్లు ఉండదు గదా. వానకొరకు రైతు, ఉత్తరువుకొరకు ఉద్యోగి, సంబంధముకొరకు ఆడపిల్ల తండ్రి, బిడ్డ ఒడలు చల్లబడుటకొరకు తల్లి చూచుచునే ఉందురు. వీరందరును దేవునికి దీపము పెట్టినవారే. దీపము ప్రతి సాయంకాలము వెలుగుచునే ఉండును, కోరినది మాత్రము రాదు. మొదటి నెలలో ఓర్పు ఉండును. రెండవ ఏట అలవాటు అగును. ఆ తరువాత, ఎవరికిని చెప్పుకొనలేని ప్రశ్న ఒకటి లోపల మొలచును: "ఇంతకును ఆయన వినుచున్నాడా?" ఈ ప్రశ్నను పైకి అడుగుటకు మనము జంకుదుము. అడిగినచో భక్తి తరిగినదని నలుగురును అందురేమోనన్న శంక ఒకటి, నిజముగనే తరిగినదేమోనన్న భయము మరొకటి. కంచెర్ల గోపన్న జంకలేదు. పండ్రెండేండ్లు అడిగినాడు. గొంతెత్తి పాడి అడిగినాడు.

ఆయన కథ తెలియని తెలుగువారు లేరు గనుక పొడిగా చెప్పెదను. పదునేడవ శతాబ్దివాడు. పుట్టినది నేలకొండపల్లి, నేటి ఖమ్మము జిల్లాలోనిది. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోలకొండ రాజ్యమున పేరుమోసిన అక్కన్న మాదన్నలకు మేనల్లుడని ప్రసిద్ధి. అబుల్ హసన్ కుతుబ్ షా, మనము తానీషా అని పిలుచుకొను ప్రభువు, 1672లో సింహాసనమెక్కినాడు. మాదన్న మంత్రి అయినాడు. గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారు పని దొరికినది. ఆ పరగణాలోనిదే గోదావరి ఒడ్డున ఉన్న భద్రగిరి. పోకల దమ్మక్క అను అడవిపల్లె ముదుసలి పుట్టలో దొరికిన రాముని ఆకుపందిరిక్రింద పెట్టి, తన దగ్గరనున్న పండ్లే నైవేద్యముగా కొలుచుచుండెనని స్థలపురాణము. గోపన్న ఆ పందిరి చూచినాడు, ఆగలేకపోయినాడు. గుడి కట్టించినాడు, ప్రాకారము ఎత్తించినాడు, నగలు చేయించినాడు. అందుకు వ్యయపరచినది ప్రజలవద్ద వసూలు చేసిన శిస్తు సొమ్ము. ఆరు లక్షలని లోకప్రసిద్ధి.

ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. హరికథలోను, చలనచిత్రములోను ఈ ఘట్టము వచ్చినప్పుడు మన జాలి అంతయు గోపన్నమీదికే పోవును. న్యాయముగా చూచినచో తానీషా అడిగినదానిలో తప్పేమున్నది? ఖజానాకు చేరవలసిన ధనము చేరలేదు. అధికారి తన ఇష్టదైవమునకు ఖర్చుపెట్టినాడు. ఈనాడు ఏ మండలాధికారియైన అట్లు చేసినచో మనమును ఊరకుందుమా? అందుచేత గోపన్న చెరసాలను పూర్తిగా నిరపరాధి పడిన కష్టమని నేను అనజాలను. ఆ మాట దాచిపెట్టుట గోపన్నకును మేలు కాదు. మన కష్టములలో పెక్కింటికి మూలము ఇట్లే ఉండును. కొంత మన చేతులారా తెచ్చుకొన్నది, కొంత మంచి సంకల్పముతో చేసినది, కొంత ఎవరి తప్పో తేలనిది. దేవుని సాయము అడుగుటకు ముందు చేతులు పూర్తిగా శుభ్రముగా ఉండవలెనని నియమము పెట్టినచో గోపన్న మొదటినాడే నోరు మూసికొనవలసి వచ్చును. మనలో ఎందరు అడుగగలరో చెప్పనక్కరలేదు.

అతడు నోరు మూసికొనలేదు. ఆ కీర్తనలు శ్రోతలందరును ఎరిగినవే. విజయవాడలో 1948లో ఆకాశవాణి కేంద్రము వెలసిన తరువాతి కాలమున, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠమున అవి ఇంటింటికిని చేరినవి. తెల్లవారుజామున భక్తిరంజని వినుచు కాఫీ కాచుకొన్న తరము మాది. అలవాటైన వరుసల తీపిలో అర్థము మరుగుపడుట కద్దు. ఒకసారి రాగము తీసివేసి వట్టి మాటలు చదివి చూడుడు. ఎంత పదునైన మాటలు! అవి స్తోత్రములవలె ఉండవు. బాకీదారు ఇంటిగుమ్మములో నిలిచి అడుగువాని మాటలవలె ఉండును.

నాకు అన్నింటికంటె ముచ్చట గొలుపునది ఆ నగల లెక్క. ఏ తమ్మునికి ఏ పతకము చేయించినాడో, సీతమ్మకు ఏమి పెట్టినాడో, ప్రాకారమునకు ఎంత పట్టినదో, దేనికెన్ని మొహరీలు అయినవో ఒక్కొక్కటే చదివి వినిపించును. ఆ సొమ్ము నీ తండ్రిదా, నీ మామగారిదా అని కూడ నిలదీయును. ఈ ధోరణి ఎక్కడినుండి వచ్చినదో గమనించితిరా? అతడు తహసీలుదారు. బ్రదుకంతయు జమలు, ఖర్చులు, బాకీలు చూచినవాడు. గ్రామములు తిరిగి కరణముల కవిలెకట్టలు విప్పించి ఒక్కొక్క పద్దు అడిగినవాడు. చెరలో పడిన పిమ్మట ఆ విద్య మరచిపోలేదు. ఆ కవిలెకట్టనే రాముని ముందు విప్పినాడు. ప్రార్థనకొరకు వేరొక భాషను అతడు అరువు తెచ్చుకొనలేదు. కచేరీలో మాటాడిన భాషతోనే దేవునితో మాటాడినాడు. ఆ కీర్తనలు పల్లెవాని నోటను పండితుని నోటను ఒక్కతీరున నిలుచుటకు అదియొక కారణమని నా అభిప్రాయము.

తిట్టిన నోటితోనే వెంటనే చెంపలు వేసికొనుట కూడ అక్కడనే ఉన్నది. దెబ్బలకు ఓర్చలేక తూలనాడితినని ఒప్పుకొనును. తిరిగి రెండవ కీర్తనలో ధోరణి మారును. రామునితో కాదు, సీతమ్మతో మాటాడును. ఆయన ఏకాంతమున ఉన్న వేళ చూచి నా మాట ఒకటి చెవిని వేయుమమ్మా అని వేడుకొనును. ఇంటిలో తండ్రితో చెప్పలేనిది తల్లిద్వారా చెప్పించుట మన పిల్లలందరును ఎరిగిన మార్గమే. ఇట్లు కోపము, సిగ్గు, బతిమాలుట, మరల కోపము. పండ్రెండేండ్లు ఒకే భావముతో ఎవడును ఉండలేడు. ఉన్నాడని చెప్పు చరిత్రలను నేను నమ్మను.

ఇట్లు నిందించుట భక్తియగునా అని పూర్వమునుండియు ఒక ఆక్షేపణ ఉన్నది. నిందాస్తుతి యను పేరు పెట్టి ఆలంకారికులు దానికి ఒక పీట వేసినారు. కాని చెరలోని మనిషి అలంకారము కొరకు తిట్టడు గదా. నాకు తోచినది ఇది. రాడని నిశ్చయించుకొన్న వానిని ఎవ్వడును తిట్టడు. ఊరు విడిచిపోయి తిరిగిరాని బాకీదారు ఇంటిముందు ఎవ్వడును కేకలు వేయడు. ఆ ఇంటి తలుపు మూసియుండును, మనము మన దారిన పోవుదుము. లోపల మనిషి ఉన్నాడు, వినుచున్నాడు, మాట తప్పువాడు కాడు అను నమ్మకము ఉన్నప్పుడే గుమ్మములో నిలిచి గొంతు చించుకొందుము. గోపన్న కేకలలో నాకు వినబడునది ఆ నమ్మకమే. అతడు నిజముగా నమ్మకము కోలుపోయిననాడు పాట ఆగియుండెడిది.

మరి మాట ఏది? రాముడు గోపన్నకు ఎప్పుడు మాట ఇచ్చినాడు? రామాయణము చదువువారికి ఆ పత్రము ఎక్కడ ఉన్నదో తెలియును. యుద్ధకాండలో విభీషణుడు సముద్రము దాటి వచ్చి ఆకాశమున నిలిచినప్పుడు సుగ్రీవాదులు వలదన్నారు, పగవాని తమ్ముడన్నారు. అప్పుడు రాముడు, ఒక్కసారియైన నేను నీవాడనని వచ్చి శరణన్నవానికి సర్వభూతములవలన అభయమిత్తును, ఇది నా వ్రతము అన్నాడు. ఆ వాక్యమునకు గడువు లేదు, మినహాయింపు లేదు. రావణుడే వచ్చినను సరే అని కూడ అన్నాడు. ఒకటే మాట, ఒకటే బాణము అని మనవారు రామునికి పేరు పెట్టినది ఊరకే కాదు. ఆ పత్రమును చేతబట్టుకొని గోపన్న పండ్రెండేండ్లు వాయిదాలు తిరిగినాడు.

అదే రామాయణమున ఎదురుచూచినవారి వరుస ఎంత పెద్దదో చూడుడు. అశోకవనములో సీతకు రావణుడు పెట్టిన గడువులో రెండు నెలలు మిగిలియున్నవి. ఆమె నిరాశ ఎంతవరకు పోయెననగా, తన జడనే ఉరిత్రాడుగా చేసికొందునా అని తలపోసినది. జగన్మాత అని మనము మ్రొక్కు తల్లికే అట్టి ఘడియ వచ్చినదని వాల్మీకి దాచలేదు. అప్పుడు చెట్టుమీదనుండి రామకథ వినవచ్చినది. హనుమంతుడు ఉంగరము ఇచ్చినాడు. వీపుమీద ఎక్కించుకొని ఇప్పుడే తీసికొనిపోయెదనన్నాడు. ఆమె ఒప్పుకొనలేదు. రాముడే వచ్చి రావణుని గెలిచి తన్ను తోడ్కొని పోవలెనన్నది. చెర వదలు మార్గము ఎదుట నిలిచియుండగా మరికొంతకాలము చెరలోనే ఉండుటకు సిద్ధపడినది! అదే సీత, గడియకు ముందు ప్రాణము విడువదలచినది. నడుమ జరిగినదెల్ల ఒక ఉంగరము చేతికి వచ్చుటయే. లంక కాలలేదు, రావణుడు చావలేదు, వారధి మొదలే పెట్టలేదు.

నందిగ్రామములో భరతుడు పదునాలుగేండ్లు పాదుకల ముందు కూర్చున్నాడు. గడువు నిండిన మరునాడు అన్న కనబడకున్నచో అగ్నిలో దూకుదునని ముందే చెప్పియున్నాడు. గడువు నిండినది. రాముడు భరద్వాజాశ్రమమున ఉన్నాడు, ముని ఆతిథ్యమునకు ఒక రాత్రి ఆగవలసి వచ్చినది. ఒక్క రాత్రి ఎంత? కాని రామునకు భరతుని మాట గుర్తున్నది. అందుచేత తాను ఆగి, హనుమంతుని ముందుగా పంపినాడు. ఈ చిన్న సంగతి నా మనసున చాలకాలముగా నాటుకొనియున్నది. వచ్చువాడు వచ్చుచునే ఉన్నాడు, అయినను ఎదురుచూచువాని ప్రాణము ఏ దారమునకు వ్రేలాడుచున్నదో ఆయనకు తెలియును.

గోపన్నకు ఉంగరము రాలేదు. హనుమంతుడు రాలేదు. అందుచేతనే కాబోలు, గోడమీద ఆంజనేయుని తానే చెక్కుకొన్నాడు.

ఈ సందర్భమున పోతనగారి గజేంద్రుడు తలపునకు రాకపోడు. మొసలి పట్టిన ఏనుగు వేయేండ్లు పోరినది. మొదట తన బలము నమ్ముకొన్నది. ఆడయేనుగులు చుట్టు నిలిచి చూచినవి, తరువాత అవియు చేయునదేమియు లేకపోయినది. అలసి, దేవుని పిలువ మొదలిడినప్పుడు ఆ ప్రార్థన నడుమనే ఒక సందేహము పలికించినాడు పోతన. ఉన్నాడందురే, ఉన్నాడో లేడో యని. ప్రార్థనలో సందేహమునకు చోటిచ్చిన ఆ కవి ధైర్యము చిన్నది కాదు. ఆ సందేహము విన్న తరువాత కూడ హరి బయలుదేరినాడు గదా! శంఖచక్రములు సవరించుకొనకుండ, లక్ష్మీదేవితోనైన చెప్పకుండ లేచినాడు. మనసులోని అనుమానమును దాచుకొని అప్పగించిన పూవులకంటె, అనుమానముతోకూడ పిలిచిన పిలుపు ఆయనకు వేగముగా చేరెనేమో.

మన శ్రోతలలో క్రైస్తవులు, ముసల్మానులు ఉన్నారు. వారికిని చెరసాల కథ ఒకటి ఉన్నది. బైబిలులో యోసేపు, ఖురానులో యూసుఫు. చేయని నేరమునకు ఐగుప్తు చెరలో పడినాడు. తోటి ఖైదీ కలకు అర్థము చెప్పి, నీవు విడుదలయై రాజునొద్దకు పోయినప్పుడు నన్ను మరువకుమని ఒక్క మాట అడిగినాడు. అతడు విడుదల అయినాడు, మరచినాడు. బైబిలు ప్రకారము ఆ మరపు నిండు రెండేండ్లు. సిఫారసు నమ్ముకొని కూర్చున్నవాని రెండేండ్లు ఎట్లుండునో కచేరీలచుట్టు తిరిగినవారికి చెప్పవలసిన పని లేదు.

విడుదల కథకు వత్తును. ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా పడకగదికి వచ్చినారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకొన్నారు. గోపన్న బాకీ ఆరు లక్షలును కుప్పపోసి లెక్క చూచుకొమ్మన్నారు. రసీదు అడిగి పుచ్చుకొన్నారు. ఆ రసీదును నిద్రించుచున్న గోపన్న తలక్రింద పెట్టి పోయినారు. ఉదయమున చెర వీడినది. పరంపరగా వచ్చుచున్న కథ ఇది. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు కథగా విందురు. కాని కథగా విన్నను దానిలోని రెండు సంగతులు నన్ను వదలవు.

దేవుడు వచ్చి చెరసాల గోడ పగులగొట్టలేదు. కావలివారిని మాయచేసి భక్తుని దాటింపలేదు. బాకీ కట్టినాడు. అణాపైసలతో కట్టి, చెల్లుచీటీ వ్రాయించుకొన్నాడు! సుల్తాను ధర్మము సుల్తానుకు దక్కినది, ఖజానాకు లోటు రాలేదు, గోపన్న తలయెత్తుకొని బయటికి వచ్చినాడు. ఈ కథ అల్లినవారెవరోగాని న్యాయము తెలిసినవారు. భక్తుడు గదాయని తప్పును తుడిచివేయలేదు, తప్పున్నది గదాయని భక్తుని విడువలేదు.

రెండవది మరింత బాధ పెట్టునది. దర్శనము తానీషాకు అయినది. గోపన్న నిద్రలో ఉన్నాడు. పండ్రెండేండ్లు కన్నులు కాయలు కాచునట్లు చూచినవానికి ఆ ఒక్క రాత్రి కన్ను మూతపడినది. దీనికి సమాధానముగా పూర్వజన్మ కథలు చెప్పుదురు. తానీషా పూర్వజన్మమున గొప్ప శివభక్తుడట. గోపన్న ఒక చిలుకను పండ్రెండు దినములు పంజరములో పెట్టినందులకు పండ్రెండేండ్ల చెర వచ్చినదట. పెద్దలయెడ గౌరవముతోనే మనవి చేయుచున్నాను, ఈ చిలుక లెక్క నాకు ఎన్నడును రుచింపలేదు. కష్టములో ఉన్నవాని దగ్గర కూర్చుండి అతని పూర్వజన్మ పద్దులు తిరుగవేయుట ఓదార్పు కాదు. గోపన్న స్వయముగా ఏమి చేసినాడని కథ చెప్పుచున్నది? తన దైవమును చూచిన కన్నులు ఆ సుల్తానువని, ఆయన భాగ్యమును కొనియాడినాడట. తరువాత భద్రాచలమునకు పోయి, తన రాముని సేవలో తన శేషజీవితము గడపినాడట. ఆలస్యమునకు సంజాయిషీ అడిగినట్లు ఎక్కడను లేదు. అంతకుముందు అన్ని ప్రశ్నలు అడిగినవాడు ఈ ఒక్కటి అడుగకుండుట నాకు వింతగా తోచును.

చరిత్ర తన దారిన తాను నడచినది. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండ వీధులలోనే హత్యకు గురియైనారు. 1687లో ఔరంగజేబు కోటను ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకొన్నాడు. తానీషాను దౌలతాబాదు దుర్గమునకు తరలించి, చీనీమహలు అను భవనమున బంధించినారు. ఇంచుమించు పండ్రెండేండ్లు అక్కడనే ఉండి అక్కడనే మరణించినాడు. బందీచేసినవానికిని అన్నేండ్లే! దీనిని శిక్షయని చెప్పువారు ఉన్నారు, నేను చెప్పను. ఆ ప్రభువును గూర్చి తెలుగుదేశము మంచిమాటనే నిలుపుకొన్నది. భద్రాద్రి కల్యాణమునకు ప్రభుత్వ పక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయననుండియే వచ్చినదందురు. నిజాము కాలమునను అది ఆగలేదు, ఈనాడును ఆగలేదు. శ్రీరామనవమినాడు రేడియో ముందు కూర్చుండి ఆ కల్యాణము విన్నవారికి ఆ ముత్యముల మాట తెలియును. దౌలతాబాదులో ఆ మనిషికి ఎదురుచూచుటకు ఏమి మిగిలినదో, ఎవరిని పిలిచినాడో, నాకు అప్పుడప్పుడు తలపునకు వచ్చును. ఆయన చెరలో పాటలు పుట్టినట్లు ఎవరును చెప్పలేదు.

తరువాతి శతాబ్దమున కావేరి సీమలో త్యాగరాజస్వామి పుట్టినాడు. ఆయన తన ప్రహ్లాదభక్తివిజయమున రామదాసును తలచి మ్రొక్కినాడు. చీకటిగదిలో, వినువాడున్నాడో లేడో తెలియక పాడిన పాట ఎక్కడికి చేరినదో గోపన్న ఎరుగడు.

ఇంతవరకు చెప్పినది విడుదల అయినవాని కథ. విడుదల కానివారి మాట ఏమి? ఈ ప్రశ్నను దాటవేసి ప్రసంగము ముగించుట నాకు సమ్మతము కాదు. మా ఇంటి సంగతి ఒకటి చెప్పెదను.

మాది గోదావరి సీమలో చిన్న ఊరు. మా మామ్మకు, అనగా మా నాన్నగారి తల్లికి, ఇద్దరు కొడుకులు. చిన్నవాడు, మా బాబాయి, రంగూనుకు పోయినాడు. ఆ రోజులలో కాకినాడ, విశాఖపట్నము రేవులనుండి పడవయెక్కి రంగూను బియ్యపు మిల్లులకు, ఓడరేవు పనులకు పోయినవారు మా ప్రాంతమున ఇంటికొకరు. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడినవి. లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు నడచి చిట్టగాంగు వైపునకు, అస్సాము వైపునకు వచ్చినారు. త్రోవలో పోయినవారి లెక్క సరిగా తేలలేదు. మా ఊరివారు ఇద్దరు తిరిగివచ్చినారు. మా బాబాయి వారితోకూడ బయలుదేరినాడనియు, ఒక యేరు దాటునప్పుడు వేరుపడినాడనియు చెప్పినారు. అంతే.

నాకు ఊహ తెలిసినది 1950లలో. అప్పటికి మామ్మ ఎదురుచూపునకు పదిపదునైదేండ్లు. మా నాన్నగారు రేడియో కొన్నారు. తిప్పిన తరువాత వేడెక్కి గొంతు విప్పుటకు కొంతసేపు పట్టెడి పాత పెట్టె అది. తెల్లవారుజామున భక్తిరంజనిలో రామదాసు కీర్తన వచ్చినచో మామ్మ చేతిపని ఆపి, రేడియోకు దగ్గరగా పీట జరుపుకొని కూర్చుండును. పాట మెత్తగా ఉన్నచో ఊరకుండును. నగల లెక్క వచ్చినచో మాత్రము మొగము వెలుగును. "అడుగు నాయనా, అడుగు. మొగమాటపడకు" అని ఆ పాడువానిని ప్రోత్సహించును! తరువాత దేవుని గూటిముందు నిలిచి తన లెక్క తాను మొదలుపెట్టును. పెద్దవానికి ఉద్యోగమిచ్చినావు, సరే. మనుమలనిచ్చినావు, సరే. చిన్నవాని మాట ఏమి చేసినావు? ఈ మాట నేను వందలసార్లు వినియుందును.

ఎనిమిదేండ్లవాడను, బుద్ధి తెలియదు. ఒకనాడు అడిగితిని: "మామ్మా, బాబాయిని తీసుకురాలేదు కదా, మరి రాముడికి రోజూ దీపమెందుకు?" ఇంటిలో అందరును నిశ్చేష్టులైనారు. మా అమ్మ నన్ను కొట్టవచ్చినది. మామ్మ ఆపినది. "వాణ్ణేమీ అనకమ్మా" అన్నది. కొంచెము సేపు వత్తి సవరించుకొని నాతో అన్నది: "మీ బాబాయి ఎక్కడున్నాడో నాకు తెలీదురా. రాముడికి తెలుసు. తెలిసినవాడితో మాట్లాడ్డం మానేస్తే, నాకిక వాడి కబురు అడగడానికి ఎవరున్నారు?"

బాబాయి రాలేదు. ఈ మాటను మెత్తబరచి చెప్పు ఉపాయము నాకు తెలియదు. ఉంగరము రాలేదు, రసీదు రాలేదు. మామ్మ నమ్మకము ఫలించినదా లేదా అని నన్ను అడిగినవారున్నారు. నేను చూచినది మాత్రము చెప్పగలను. ఆమె చేదుపడలేదు. వీధిలో పోవు ఏ బాటసారికైన మజ్జిగ లేదనలేదు. ఎవని కొడుకో, ఎక్కడ తల్లి చూచుచున్నదో అనెడిది. రంగూనునుండి తిరిగివచ్చిన ఆ ఇద్దరిలో ఒకనికి పెండ్లియైనప్పుడు తానే పోయి తలంబ్రాలు కలిపినది. ఆ నాటి రాత్రి గూటిముందు ఎక్కువసేపు కూర్చున్నది. ఏమి అడిగినదో, ఏమి వినినదో తెలియదు. వీధితలుపునకు మాత్రము గడియ వేయనిచ్చెడిది కాదు. దొంగల భయమున్నదని నాన్నగారు ఎంత చెప్పినను వినలేదు. వాడు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి, మనము మేలుకొనేలోపల వెనుకకు పోయినచో, అనెడిది.

1968లో, వర్షాకాలమున, మామ్మ పోయినది. కర్మలన్నియు ముగిసి బంధువులు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయిన రాత్రి, మా నాన్నగారు అలవాటుగా లాంతరు పట్టుకొని వీధితలుపు దగ్గరకు పోయినారు. గడియమీద చేయి వేసినారు. కొంతసేపు అట్లే నిలిచి, చేయి తీసివేసి, తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చినారు.